పదకొండు కుర్చీలు, ఒక స్టూలు

ఏమర్రా, ఆ నీలం మూత డబ్బాలో చెయ్యి పెట్టి బిస్కెట్లు లాగడానికి మాత్రం ముగ్గురూ ముందుంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు దాన్ని. ఇంట్లో డబ్బాలన్నీ స్టీలువైతే ఇదొక్కటే ప్లాస్టిక్‌ది ఎందుకుంది, ఎవరిది నాయనమ్మా అని ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడిగారా? మీ తాత ఉద్యోగం కబుర్లు వందసార్లు చెప్పించుకున్నారు. మా తోడికోడలి సంగతి అడగరు. అడగడానికి అదేం చేసిందిలే. కాజాలు కుట్టింది. రాయవే పెద్దపిల్లా, నేను చెప్తుంటా నువ్వు రాయి. నాకు సంతకం దాటి రాదు.

మీకు చిన్ననాయనమ్మ అవుతుంది. మీ తాత తమ్ముడి పెళ్ళాం. వీధి మొత్తానికీ కాజాలమ్మ. టైలరు మాస్టారి కొట్టు నుంచి చొక్కాలు మూట కట్టుకుని తెచ్చుకునేది. కిటికీ పక్కన కూర్చుని, గుండీ పట్టేంత చీలిక కత్తిరించి, ఆ అంచు చుట్టూ దారంతో దగ్గరదగ్గరగా కుట్టేది. చొక్కాకి ఏడు. చొక్కా పీలికలైపోయినా అది కుట్టిన కాజా మాత్రం అలాగే ఉండేది. నోరు లేదు దానికి. దేవుడు పంచేటప్పుడు ఇద్దరి నోళ్ళూ నాకే ఇచ్చేశాడని మీ తాత ఏడిపించేవాడు నన్ను. ఇద్దరి చూపూ దానికిచ్చాడులే అనేదాన్ని.

ఆ చూపే తగ్గడం మొదలెట్టింది. చక్కెర జబ్బు. ముందు నల్ల చొక్కా మీద నల్లదారం కనబడ్డం మానేసింది. తర్వాత సూదిలోకి దారం ఎక్కించమని నా దగ్గరికి వచ్చేది. కంటి డాక్టరు సూదిపని మానెయ్యమన్నాడు, ఉన్న చూపన్నా మిగుల్చుకో అన్నాడు. మా మరిది ప్రెస్సులో కాగితాలు కోసే పని చేసేవాడు. మంచివాడు. మరీ మంచివాడు, అదే వచ్చింది చిక్కు. నువ్వు ఇంట్లో కూర్చో, నేను లేనా అన్నాడు. పదేళ్ళప్పటి నుంచి చేతిలో పని లేకుండా ఉండడం ఎరగని మనిషి ఊరికే ఎలా కూర్చుంటుంది?

అప్పుడు తగిలింది ఈ డబ్బాల పని. మొగుడికి చొక్కా కుట్టించడానికి మాస్టారి కొట్టుకొచ్చిన ఒకావిడ, డబ్బాల కంపెనీ మేడం, దీన్ని చూసి, ఇందులో కళ్ళతో పనే లేదు, నోటితోనే పని అందిట. నోరు లేనిదానికి నోటి పని! అయినా సరే, సరేనంది. నాలుగిళ్ళ ఆడవాళ్ళని మనింటికి పిలవాలి, టీ ఇవ్వాలి, డబ్బాలు చూపించాలి, నచ్చినవాళ్ళు రాయించుకుంటారు. దాన్ని పార్టీ అంటారు వాళ్ళు. వచ్చినవాళ్ళలో ఇద్దరన్నా మా ఇంట్లో కూడా పెట్టండి అని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే చూపించడానికిచ్చిన సామాను కంపెనీ వెనక్కి తీసేసుకుంటుంది. అంతే సంగతి.

ఎంత సాధన చేసిందో. డబ్బాలో నీళ్ళు పోసి, మూత వేసి, బొటనవేలితో అంచు చుట్టూ నొక్కి, తలకిందులు చేసి ఊపాలి. చుక్క కారకూడదు. ఆ నీలం మూత డబ్బా మీదే నేర్చుకుంది. పది రోజులు వాళ్ళ పొయ్యి మూల నేల తడే.

పిలవడానికి నేను వస్తానే అన్నాను. అది నవ్వింది.

"నువ్వు పిలిస్తే భయపడి వస్తారక్కా. నేనే పిలుచుకుంటాలే."

పిలిచింది. ఎలా పిలిచిందో తర్వాత తెలిసింది నాకు. వాళ్ళది ఒక్క గది, రెండే కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. వచ్చినవాళ్ళని నేల మీద కూర్చోబెడితే ఏం బాగుంటుందని, పిలవబోయిన ప్రతి ఇంట్లోనూ ఒక కుర్చీ అడిగింది. ముందు కుర్చీ అడిగేది. పిలవాలంటే సిగ్గు, అమ్మడానికని చెప్పాలంటే ఇంకా సిగ్గు. కుర్చీ పుచ్చుకుని గుమ్మం దాటుతూ, వెనక్కి తిరిగి, వీలుంటే మీరు కూడా రండి అనేది. వాళ్ళేమనుకున్నారు? పాపం ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు, కుర్చీ తీసుకుంది కాబట్టి మాటవరసకి మనల్నీ రమ్మంది అనుకున్నారు. ఇస్త్రీ చేసే ఆవిడ నా మొహం మీదే అంది, "కుర్చీ అడిగింది, ఇచ్చాను. మనిషిని కూడా అడిగిందేమిటి?" అని.

ఆ రోజు మూడింటికి రమ్మంది నన్ను. నేను కావాలనే అరగంట ఆలస్యంగా బయల్దేరాను. ఇంటి మనిషే ముందొచ్చి చోటు పట్టుకుందంటారని. గది కిక్కిరిసి ఉంటుందని, కూర్చోవడానికి నా స్టూలు నేనే చంకన పెట్టుకుని వెళ్ళాను. మా మరిది ఆడవాళ్ళకి అడ్డం ఎందుకని మధ్యాహ్నమే బస్టాపుకి పోయి కూర్చున్నాడు.

తలుపు తీసే ఉంది. పదకొండు కుర్చీలు. ఇనుప మడత కుర్చీ, పేము ఊడిన కుర్చీ, ఎర్ర ప్లాస్టిక్‌ది, చిన్నపిల్లలది ఒకటి. ఏది ఎవరిదో మారిపోకుండా ఒక్కోదాని కాలికి ఒక్కో రంగు దారం ముడేసింది. అన్నీ ఖాళీ. అది గోడవారగా, ఇస్త్రీ బట్టల్లో, నలగకుండా నిలబడి ఉంది.

"కాసేపు చూద్దాం అక్కా" అంది.

చూశాం. మెట్ల మీద అడుగుల చప్పుడైతే అది జుట్టు సవరించుకునేది. అడుగులు పై అంతస్తుకి పోయేవి. నాలుగు దాటింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కొక్కదాన్నీ జుట్టు పట్టుకుని లాక్కొస్తానుండు అని లేచాను. చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ అంత గట్టిగా పట్టుకోలేదు.

"వద్దక్కా. పిలిస్తే రాలేదు, పోనీ. నువ్వు లాక్కొచ్చావంటే రేపు ఈ వీధిలో నేను నడవలేను."

మరేం చేద్దామే అన్నాను. నీకు చూపిస్తాను కూర్చో అంది. నా స్టూలు మీదే కూర్చున్నాను. కుర్చీలో కూర్చో అక్కా అని అనలేదది. వాళ్ళొస్తే కావాలి కదా.

మొత్తం చేసింది. అందరికీ నమస్కారం అంది. ఆ కుర్చీ వైపు తిరిగి ఒక మాట, ఈ కుర్చీ వైపు తిరిగి ఒక మాట. నీళ్ళు పోసింది, మూత నొక్కింది, తలకిందులు చేసి ఊపింది. చుక్క కారలేదు. అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. నేనొకటి తీసుకుంటానే అంటే, నువ్వు కాదక్కా అంది.

అంతలో మా మరిది వచ్చాడు. ఎలా జరిగింది అన్నాడు గుమ్మంలోంచే. నా నోటి దాకా వచ్చింది. అది నా వైపు ఒక్క చూపు చూసింది.

"కుర్చీలు చాల్లేదండీ. చూడండి, అక్క తన స్టూలు తనే తెచ్చుకుంది."

నా స్టూలే సాక్ష్యం అయిపోయింది. అతను స్టూలు చూశాడు, నన్ను చూశాడు, ఈసారి వదిన కోసం సోఫా కొనాలి అయితే అని నవ్వాడు. ఫ్లాస్కు మూత తీసి టీ వంపుకున్నాడు. మెడ దాకా ఉంది టీ. తాగేసి గ్లాసు కడిగి పెట్టాడు. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నది అప్పుడే, మూసుకోకూడనిదీ అప్పుడే.

ఆ సాయంత్రమే దారాలు చూసుకుని ఎవరి కుర్చీ వాళ్ళకి ఇచ్చేసింది. ప్రతి ఇంట్లోనూ చాలా బాగా జరిగిందని చెప్పింది. ఎవరూ రాలేదని ఒక్క ఇంట్లో చెప్పినా, అయ్యో అని మర్నాడు నలుగురు వచ్చేవాళ్ళే. బాగా జరిగిందంటే ఇంకెందుకొస్తారు? వారానికి మేడం వచ్చింది. ఒప్పుకున్న ఇద్దరేరీ అంది. లేరు. సామాను సర్దుకుంది. నీలం మూత డబ్బా తిప్పి చూసి, ఇది గీతలు పడిపోయింది, మీరే ఉంచుకోండి అని వదిలేసింది.

మర్నాడు పొద్దున్న అది మా ఇంటికొచ్చింది, భుజాన సంచీ, సంచీలో ఆ డబ్బా ఒక్కటి. అక్కా, మీ వెనక గదిలో కూర్చోనా అంది. డబ్బాలు చూపించడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నానని మొగుడికి చెప్పిందిట. మాస్టారి దగ్గర మళ్ళీ చొక్కాలు తెచ్చుకుంది. కళ్ళు పోతాయే అన్నాను. వాటి కోసం ఆయన ముందు అబద్ధం బయటపెట్టుకోమంటావా అంది. దారం ఎక్కించి ఇచ్చాను. ఏం చెయ్యను? రెండేళ్ళు, రోజూ ఎక్కించి ఇచ్చాను. చివర్లో వేలితో తడుముకుని కుట్టేది. వేలి రక్తం తెల్ల చొక్కాలకి అంటుతోందని మాస్టారు నల్లవే పంపేవాడు. అప్పటికి దానికి ఏ రంగైనా ఒకటే.

తర్వాత సూది కూడా పట్టలేకపోయింది. గోడ పట్టుకుని నడిచేది. ఆ జబ్బే కిడ్నీలకి వెళ్ళింది. ఆసుపత్రిలో పదిహేను రోజులుంది.

అది పోయిన నెలకి మా మరిది ఈ డబ్బా పట్టుకొచ్చాడు. నా దగ్గరుంచమన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"బస్టాపులో కూర్చుంటే మా వాకిలి కనబడుతుంది వదినా. ఆ రోజు స్టూలు పట్టుకుని నువ్వొక్కదానివే వెళ్ళావు. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని అడగలేదు. తర్వాత సంచీ వేసుకుని రోజూ వెళ్తుంటే, పోనీలే, మెల్లగా పుంజుకుంది అనుకున్నాను."

వెనక గది సంగతి చెప్పలేదు నేను. అతను ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నా.

రాశావా? బిస్కెట్లు తిన్నాక మూత ఊరికే పడెయ్యకండి. బొటనవేలితో అంచు చుట్టూ నొక్కాలి. అలా కాదు, చుట్టూ. ఆఁ.

అది పోయేనాటికి దానికి నలభై ఎనిమిదేళ్ళు.