మునిగిన మెట్టు

మా టీచర్ల గ్రూపులో మూడుసార్లు రాశాను, ఒక్కరూ పలకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

హిందూపురంలో మా బడికి ధర్మవరం నుంచి వచ్చే కంప్యూటర్ సారుకు ఒక అలవాటు ఉండేది. గ్రూపులో పెట్టే ఆన్‌లైన్ నిధివేట పోటీలో ప్రశ్న చదవకుండానే పేజీ వెనకున్న కోడ్ తెరిచేవాడు. “జవాబు ఈడే ఉండాది. నువ్వు యాడికి పోతాండావప్పా?” అని నవ్వేవాడు.

పెనుకొండలో ఒక పాత బావికి ఎన్ని మెట్లన్నది చివరి ప్రశ్న. కోడ్‌లో నలభై రెండని ఉంది. నేను నమ్మక, ఆదివారం ఆయన్నీ వెంటబెట్టుకుని పోయాను. ఇద్దరం గట్టిగా లెక్కపెడుతూ దిగితే నలభై మూడు వచ్చాయి.

“అడుగు మెట్టు నీళ్లలో ఉండాది. ప్రశ్న రాసినోడు చూసుకోలేదబ్బా” అన్నాడు ఆయనే.

మరునాడు నేను నలభై మూడని పంపాను. ఆయన నలభై రెండని పంపి గెలిచాడు. “మెట్లు లెక్కపెట్టడం రాని లెక్కల సారు” అని గ్రూపులో నన్ను ఎగతాళి చేస్తుంటే ఆయనా నవ్వు బొమ్మ పెట్టాడు.

నాకు జ్వరమొచ్చినప్పుడు వారం రోజులు నా క్లాసులన్నీ తీసుకున్న మనిషి ఆయన. అందుకే అది ఇంకా మింగుడుపడలేదు. తర్వాత బదిలీ అయి వెళ్లిపోయాడు. గ్రూపులో మాత్రం ఉన్నాడు, నేను రాసినవన్నీ చూస్తున్నాడు.

ఏమప్పా, ప్యాంటు పైకి మడిచి ఆ నీళ్లలో కాలు పెట్టింది నువ్వే. మెట్లు ఎన్నో గ్రూపులో చెప్పు.