ఒకటి తెగినా ఆగదన్నాను

మా సోమందేపల్లెకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. నెల రోజులు ఇంటి నుంచి పని చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామంది బెంగళూరు కంపెనీ. టెలిఫోన్ వాళ్ల లైను ఒకటి, కేబుల్ టీవీ వాళ్ల లైను ఒకటి తీసుకుని, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకునేలా రెండింటినీ ఒకే రూటర్‌కు కలిపించాను.

“రెండెందుకమ్మా?” అన్నాడు నాయన.

“ఒకటి తెగినా నా పని ఆగదు నాయనా” అన్నాను గొప్పగా.

చివరి రోజు మధ్యాహ్నం కంప్యూటర్‌లో మేనేజర్, “నీ ఉద్యోగం విషయం...” అంటుండగానే ఆయన గొంతు ఆగిపోయింది. చూస్తే రూటర్ మీద రెండు లైన్ల దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. లైన్లు వచ్చే పెరట్లోకి పరుగెత్తాను.

అంట్లు కడిగిన నీళ్లతో బతికించుకున్న చిక్కుడు పాదుకు నాయన పందిరి కడుతున్నాడు. చేతిలో కొడవలి. గుంజలకు కట్టినవి మా లైన్ల నల్లటి వైర్లు!

“నాయనా, ఏం చేసినావు?” అని అరిచాను.

“ఏమ్మా అట్ల అరుస్తావు? నిన్న ఒకటి కోసినా, నీ పని ఆగలేదు గదా! ఇదీ ఊరికే ఉండాదనుకొని ఇప్పుడు కోసినా.”

సెల్‌లో సంగతి చెబితే మేనేజర్ పడీపడీ నవ్వాడు. ఉద్యోగం దక్కింది. కానీ ముందు రోజు నుంచీ నేను ఒక్క లైను మీదే నెట్టుకొస్తున్నానని ఇంట్లో తెలిసింది నాయనకు మాత్రమే.