హెలికాప్టర్ దర్వాజకు పసుపు

మా ఆయన హెలికాప్టర్‌కు తలుపులు చేసేవాడు. ఈ మాట విని ఆర్మూర్‌లో నమ్మినవాళ్ల కన్నా నవ్వినవాళ్లే ఎక్కువ. పసుపు ఏరే షెడ్డులో నా పక్కన కూర్చునే ఆడవాళ్లయితే, "మా బాత్రూంకు గూడ ఒకటి చెయ్యమనవే, రెక్కలు లేకున్నా నడుస్తది" అనేవాళ్లు. నాకు చర్రున కోపం వచ్చేది. కోపం వచ్చినా చేతులు ఆగేవి కావు. పొడుగు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళాలు ఒక పక్కకు వాటంతట అవే పోయేవి. చేతులు అట్లా పని చేసుకుంటుంటే మనసును ఎటైనా తోలుకోవచ్చు. నేను సింగపూర్‌కు తోలేదాన్ని.

అక్కడికి పనికి పోకముందు ఆయన నిజామాబాద్ రోడ్డు మీద ఒక వెల్డింగ్ దుకాణంలో గేట్లు, షట్టర్లు చేసేవాడు. సింగపూర్‌లో మొదట ఓడల రిపేరు పని ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి తెల్లగా, చల్లగా ఉండే ఒక పెద్ద షెడ్డుకు మార్చారట. అక్కడ హెలికాప్టర్ తలుపులు, తోకలు తయారవుతాయి. మా వీధి కిరాణా దుకాణం ఫోనుకు ఆదివారం పూట చేసేవాడు. ఆ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మా అత్త నా చేతిలోంచి రిసీవరు గుంజుకుంది.

"తలుపులు, తోకనేనా? మిగిలిందంత ఎవలు చేస్తర్రా?"

"వేరేటోళ్లు చేస్తరమ్మా. నక్ష గీసింది ఫ్రాన్సోళ్లు, ఇంజిను గూడ వాళ్లదే. మనుషులు కూసునే డొల్ల చైనోళ్లు చేస్తరు. తోక, తలుపులు మావి. అన్నీ ఫ్రాన్సుకు పోతయి. గాడ జోడిస్తరు."

"మూడు దేశాలు గలిసి ఒక్కటి చేస్తరా? మస్తు పెద్దది ఉంటది గావచ్చు."

"చిన్నదేనమ్మా. ఒక్కటే ఇంజిను. అయిదుగురు పడ్తరు."

"అయిదుగురికి మూడు దేశాలా!" అని మా అత్త దుకాణమంతా వినపడేట్టు ఆశ్చర్యపోయింది. "మాక్లూర్ ఆటోల మేము పన్నెండు మందిమి పోతం."

నాకు మాత్రం మూడు దేశాల సంగతి వింతగా తోచలేదు. పసుపు కూడా అంతే కదా. చేను ఒకరిది, ఉడకబెట్టే కడాయి ఇంకొకరిది, పాలిష్ పట్టే డ్రమ్ము వేల్పూర్ నుంచి కిరాయికి వస్తుంది. నాకు వింతగా తోచింది వేరే. అన్నేళ్లుగా తలుపులు చేస్తున్న మనిషి హెలికాప్టర్‌ను ఒక్కసారి కూడా నిండుగా చూడలేదు. షెడ్డు గోడ మీద ఫోటో ఉందట. తలుపు తయారవుతుంది, పెట్టెలోకి పోతుంది, పెట్టె లారీ ఎక్కుతుంది. అంతవరకే ఆయన చూపు.

మధ్యాహ్నం పూట మా షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ కర్రల్లా దిగేది. ఆ ఎండలో పసుపు పొడి పైకీ కిందికీ తేలుతూ ఉండేది. చూస్తుండగానే కళ్లు బరువెక్కి, నాకు తలుపులు కనపడేవి. ఒట్టి తలుపులు. వాటికి ఇల్లు లేదు, తోక లేదు, ఆకాశంలో వరసగా నిలబడి ఉండేవి. ఒకటి మెల్లగా తెరుచుకుంటే వెనక మబ్బు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంకొకటి తెరుచుకుంటే అక్కడ ఆయన తల వంచుకుని కూర్చుని, తలుపు అంచు చుట్టూ వేలితో తడుముతూ ఉండేవాడు. నేను పిలిస్తే గాలికి వినపడేది కాదు. పక్కామె మోచేత్తో పొడిచి, "ఏమే, సింగపూర్ పోయినవా మల్ల?" అనేది. నేను ఉలిక్కిపడి మళ్లీ కొమ్ములు ఏరుకునేదాన్ని.

వేలితో తడమడం నేను కల్పించుకున్నది కాదు. ఆయనే చెప్పాడు. తలుపును అచ్చులో కూర్చోబెట్టాక మిషన్‌తో కొలుస్తారు. కొలిచాక కూడా ఆయన అంచు చుట్టూ ఒకసారి వేలు పెట్టి చూస్తాడట. సందు అంతటా ఒక్కతీరుగా ఉండాలి. మొదట్లో, ఆయన ఇంకా ఆ షెడ్డుకు రాకముందు, తలుపులు ఫ్రాన్సుకు పోయి చైనా డొల్లకు కూర్చోక వెనక్కి వచ్చాయట. మా డొల్ల సరిగ్గానే ఉందని చైనావాళ్లు, మా తలుపు సరిగ్గానే ఉందని సింగపూర్‌వాళ్లు, మా నక్ష సరిగ్గానే ఉందని ఫ్రాన్సువాళ్లు. చివరికి చూస్తే అందరిదీ సరిగ్గానే ఉంది. ఒకరు ఎండకు కాగిన షెడ్డులో కొలిచారు, ఇంకొకరు చలిలో కొలిచారు. ఇనుమైనా అల్యూమినియమైనా వేడికి సాగుతుంది కదా. అప్పటినుంచి అందరూ ఒకే చల్లదనంలో కొలవాలని రాసుకున్నారట. తన షెడ్డు ఎందుకంత చల్లగా ఉంటుందో చెప్పడానికి మా ఆయన ఈ కథంతా చెప్పాడు.

"మన తలుపు గూడ వానకాలం ఉబ్బుతది. దానికేం రాసుకుందం?" అన్నాను.

మా ఇంటి తలుపు వేప చెక్కది. నాలుగు వానలు పడ్డాయంటే గడప దగ్గర బిర్రుగా పట్టుకుంటుంది. లోపలి మనిషి గుంజాలి, బయటి మనిషి భుజం పెట్టి తోయాలి. చిత్రిక పడతానని ఆయన పోయేముందు మాట ఇచ్చాడు. ఆ మాట అట్లనే ఉండిపోయింది.

ఆ కథ విన్న రోజు మా అత్తకు వేరే దిగులు పట్టుకుంది. మా వైపు కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టడమంటే చిన్న పని కాదు. అయ్యవారిని అడిగి మంచిరోజు చూసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి గానీ నిలబెట్టరు. మా అత్త ఫోన్లో అడిగింది, "దర్వాజ పెట్టిన్నాడు పసుపు రాసిండ్రా లేదారా?"

"నిలబెట్టేది ఫ్రాన్సులనమ్మా. గాడ నేను లేను."

"నువ్వు లేకుంటేంది? ఒక్కలన్న రాస్తరు గద!"

"రాయరమ్మా. మరక పడ్డదంటే తలుపు వాపస్ వస్తది."

మా అత్త ఫోను ఠక్కున పెట్టేసింది. పసుపు పండే ఊర్లో పుట్టినవాడి చేతి తలుపులు పసుపు లేకుండా గాల్లో తిరుగుతున్నాయన్నది ఆమె బాధ. ఆ తలుపుల వెనక కూర్చున్న వాళ్ల కోసం ఆమె శుక్రవారం శుక్రవారం మా గడపకే ఇంకొంచెం ఎక్కువ పసుపు రాసేది. నేను నవ్వేదాన్ని. తరువాత తరువాత నవ్వడం మానేశాను.

ఎలక్షన్లు వచ్చిన ఆ ఎండాకాలం ఆయన కాంట్రాక్టు ముగింపుకు వచ్చింది. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని అడుగుతున్నారట. వచ్చేయమని అన్నాను. ఒకసారి కాదు, ప్రతి ఆదివారమూ అన్నాను. బతిమాలాను, అలిగాను, కొట్లాడాను కూడా. ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు.

"ఒక్కటన్న నిండుగ చూసినంక వస్త. గిన్నేండ్లు చేసి, నేను చేసింది ఎగురుతదో లేదో చూడకుంట వచ్చి ఏం చెప్పుకోవాలె?"

మొండితనంలో ఆయన్ని మించినవాడు లేడు. అట్లాంటి సమయంలో మా ఊరికి హెలికాప్టర్ వస్తుందని మైకులో చెప్పారు. ఎవరో పెద్ద నాయకుడు, మీటింగు. ఆదివారం ఫోన్లో ఆ మాట చెప్పగానే ఆయన గొంతు మారిపోయింది.

"చిన్నదేనా? అయితే తోక చూడు. అన్నిటికీ తోక పక్కకు పంకా బయటనే తిరుగుతది. మాదానికి తోకల గుండ్రంగ గూడు ఉంటది, పంకా గూట్లనే తిరుగుతది. గట్ల ఉంటే మాదే. దగ్గరికి పోనిస్తే తలుపు అంచుకు వేలు పెట్టి చూడు."

"మీదైతే?"

"నువ్వు చూస్తే నేను చూసినట్టే. వచ్చేస్త."

ఆ మాట మీద నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. కన్ను మూస్తే తోకలు. గూళ్లున్న తోకలు, గూట్లో పిట్టలు గిర్రున తిరుగుతున్న తోకలు.

ఆ రోజు పొద్దున్నే మైదానంలో ఆరబోసిన పసుపునంతా పోలీసులు ఎత్తించారు. రైతులు తిట్టుకుంటూ ఎత్తారు. నేల మీద పొడి మాత్రం అట్లనే మిగిలింది. మధ్యలో ఇన్ని నీళ్లు చల్లి, సున్నంతో గుండ్రంగా గీత గీశారు. మా అత్త తన పసుపు కుంకుమల డబ్బా నా కొంగుకు కట్టింది. "మనదే అయితే పెట్టిరా" అంది.

మొదట చప్పుడు వచ్చింది. ఎటునుంచో తెలియలేదు, సిరికొండ వైపు అన్నారు ఎవరో. ఆ తరువాత చిన్న చుక్క. అది కిందికి దిగేకొద్దీ మైదానం అంచుల్లోని పసుపు పొడంతా ఒక్కసారిగా లేచింది. ఆకాశం పసుపు, చెట్లు పసుపు, పోలీసుల టోపీలు పసుపు. జనం కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. ఆ పచ్చటి మబ్బు మధ్యలో ఒక నీడ మెల్లగా కిందికి దిగుతూ ఉంది. పెళ్లికూతురికి పసుపు రాసినట్టు ఉంది దాని ఒళ్లంతా. తోక ఉన్నట్టూ ఉంది, గూడు ఉన్నట్టూ ఉంది. అదే, అదే అనుకున్నాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

దుమ్ము అణిగింది. తోక చివర పక్కకు చిన్న పంకా, బయటనే, ఇంకా తిరుగుతూ ఉంది. గూడు లేదు.

నాకు ఏడుపు వచ్చింది. నలుగురిలో ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. నాయకుడు కారెక్కి మీటింగుకు వెళ్లిపోయాడు, జనం కారు వెనక పరుగెత్తారు. నేను ఇంటికి పోదామని తిరిగాను. కొంగుకు కట్టిన డబ్బా మోకాలికి తగిలింది. దాన్ని అట్లనే తీసుకుపోయి మా అత్త చేతిలో పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

పైలట్ ఒక గుడ్డతో అద్దం మీది పసుపు తుడుచుకుంటున్నాడు. నేను నడుచుకుంటూ వెళ్లాను. ఆడ కానిస్టేబుల్ "ఏయ్, ఎటు పోతున్నవమ్మా?" అని చెయ్యి అడ్డం పెట్టింది. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో మా ఆయన సంగతి, తలుపుల సంగతి, మా అత్త సంగతి పైలట్‌కు వినపడేట్టు చెప్పాను. అతను గుడ్డ పక్కన పెట్టి విన్నాడు. కానిస్టేబుల్‌ను జరగమని చెప్పి తలుపు తెరిచాడు.

మళ్లీ మూయమన్నాను. మూసిన తలుపు అంచుకు వేలు పెట్టి చుట్టూ జరిపాను. వేలు ఎక్కడా తట్టుకోలేదు. సందు అంతటా ఒక్కతీరుగా ఉంది. ఎవరో మొండిమనిషి చేసినట్టుంది. తలుపు తీసి, కాలు పెట్టే చోట పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

"ఇది మీ ఆయన చేసింది కాదు కదా" అని అతను హిందీలోనే అడిగాడు.

"ఎవరో ఒకామె మొగుడు చేసిందే కదా" అన్నాను. అతను తుడవలేదు. ఆ బొట్లతోనే ఎగిరిపోయింది అది.

గూడు ఉందని చెప్పేయమన్నారు షెడ్డులో అందరూ. "ఒక్క అబద్ధంతో మనిషి ఇంటికొస్తడు, నీదేం పోతది?" అన్నారు. నిజమే అనిపించింది. ఆదివారం వరకూ ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. రిసీవరు ఎత్తగానే ఆయన అడిగిన మొదటి మాట అదే.

"గూడు ఉన్నదా?"

"లేదు" అన్నాను. ఎట్లా వచ్చిందో నోట్లోంచి, వచ్చేసింది.

ఆయన ఇంకోటి అడిగాడు, "అంచుకు వేలు పెట్టినవా?"

"పెట్టిన."

"ఎట్లున్నది?"

"అంతట ఒక్కతీరుగ ఉన్నది. పసుపు గూడ రాసిన."

"మంచిగ చేసిండు ఎవలో" అన్నాడు. "వాడు గూడ చూసి ఉండడు. నువ్వు చూసినవ్."

ఆ తరువాత మా తలుపు ఇంకా పట్టుకుంటుందా అని అడిగాడు. వానలు పడితే పట్టుకోక ఏం చేస్తుంది, ఎన్నిసార్లు చెప్పాలి అని కోపం చేశాను. నవ్వి ఫోను పెట్టేశాడు. వస్తానని అనలేదు, రానని అనలేదు. ఆ తరువాత ఆదివారాలు ఫోను కూడా రాలేదు. సంతకం పెట్టేసి, నాకు చెప్పలేక ఊరుకున్నాడనుకున్నాను. షెడ్డులో తలుపుల కలలు కూడా రావడం మానేశాయి.

ఆ ఏడు వానలు తొందరగా వచ్చాయి. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. కొత్తగా ఉబ్బిన తలుపు, గుంజితే రాలేదు. "భుజం పెట్టి తొయ్యిండ్రి" అని లోపలినుంచి అరిచాను. బయటి మనిషి తోయలేదు.

తలుపు అంచు మీద ఏదో మెల్లగా కదులుతున్న చప్పుడు వినపడింది. కింద మొదలై, పక్కనుంచి పైకి పోయింది. పైన అడ్డంగా జరిగింది. మళ్లీ అటుపక్క నుంచి కిందికి దిగింది. నేను గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను. గడప దగ్గరికి వచ్చి ఆ వేలు ఆగింది.

"గీడ పట్టింది" అన్నాడు మా ఆయన. "జర గుంజు."