బొటనవేలి కింద గీత

ఈమధ్య జూబ్లీహిల్స్ హోటల్లో సూప్ గిన్నె మూత తీయగానే సముద్రపు వాసన గుప్పుమంది. చెంచాకు జిగురుగా గోధుమరంగు నాచు ముక్క తగిలింది. పక్కవాళ్లు ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఫిల్మ్‌నగర్‌లో మేడమీది చిన్న ప్రయోగశాల, సుగుణ మేడం గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది.

తోటివాళ్లంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులకు పరుగెత్తుతున్న రోజుల్లో నేను ఆమె దగ్గర నాచు నూరేవాణ్ణి. విశాఖ తీరం నుంచి తెప్పించిన రెండు రకాలూ కంటికి ఒకేలా ఉండేవి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని డీఎన్‌ఏ ముక్క దొరికితే అదే వాటిని వేరుచేసే గుర్తు. ఆ ముక్కల్ని లెక్కకు మించి నకళ్లు తీసే యంత్రం వచ్చిన రోజు, కింది డబ్బింగ్ స్టూడియోవాళ్లలాగే మా అటెండర్ యాదయ్య దానికి బొట్టు పెట్టాడు. మూఢనమ్మకమని గంటసేపు ఉపన్యాసమిచ్చాను. మేడం నవ్వి, “బొట్టుతోని ఫికర్ లేదు. నీళ్ల గొట్టం మాత్రం మర్వకు” అన్నారు. ప్రతి గొట్టంలోని ద్రవాన్నీ జిగురు పలకపై ఒక్కో వరుసలో పరిచి ప్రత్యేక దీపం కింద చూస్తే, డీఎన్‌ఏ ముక్క ఉన్నచోట గీత వెలుగుతుంది. ప్రతి పరీక్షలోనూ ఒక గొట్టంలో డీఎన్‌ఏకు బదులు ఉత్త నీళ్లుండాలి. అందులోనూ గీత వెలిగితే ఎక్కడో కల్తీ జరిగినట్టు. మిగతా గీతల్నీ నమ్మకూడదు.

నెలల తరబడి నాచు జిగురుతో కుస్తీపట్టాక ఒక మధ్యాహ్నం గీతలు వెలిగాయి: మొదటి రకంలో ఉన్నాయి, రెండోదానిలో లేవు! ఆ సాయంత్రమే విశ్వవిద్యాలయం పెద్దలు ఫలితం చూడడానికి వస్తున్నారు. ఆ గీతల ఫొటో తీసి, పట్టుకుని మేడం గదిలోకి పరుగెత్తాను. ఆమె ఆ ఫొటోను చాలాసేపు చూశారు.

“జర ఆ బొటనవేలు తియ్యి.”

తీశాను. అంచున, నీళ్ల గొట్టం వరుసలో, సన్నటి గీత.

“అది మసకేనండీ, లెక్కలోకి రాదు” అని గొణిగాను.

“యాదయ్య బొట్టు పెడితే గంటసేపు కొట్లాడినవ్. నువ్వు వేలు పెట్టినవ్. ఏంది ఫరక్?”

కావాలని కప్పలేదని ఇప్పటికీ ప్రమాణం చేయలేను. సాయంత్రం ఆమె పెద్దల ముందు నిలబడి, ఫలితం ఇంకా రాలేదని చెప్పారు. వాళ్ల మాటలన్నీ తానే పడ్డారు. నా పేరు ఎత్తలేదు.

ద్రావణాలన్నీ పారబోసి మళ్లీ మొదలుపెట్టాం. కొన్ని వారాల తర్వాత దీపం వేసినప్పుడు నా కళ్లు ముందుగా నీళ్ల వరుసనే వెతికాయి. నల్లగా, ఖాళీగా ఉంది. ఆ తర్వాతే చూశాను, మొదటి రకంలో మెరుస్తున్న గీతల్ని. యాదయ్యను వాటేసుకుని గంతులేశాను. మేడం కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తర్వాత నేను ప్రయోగశాల వదిలి వ్యాసాలలోకి, వాదాలలోకి వచ్చాను. ఎదుటివాడి నమ్మకాన్ని చీల్చి చెండాడే వాక్యం రాసి మురిసిపోయిన ప్రతిసారీ కాగితం మీద నా బొటనవేలు ఎక్కడుందో చూసుకుంటాను. చాలాసార్లు దాని కింద ఏదో ఉంటుంది.