తమ్ముడి పళ్ళెంలో అన్నం

మా నాన్న దోణిమలై గనిలో డంపర్ నడిపి రిటైరయ్యారు. ఆ తర్వాత బళ్ళారి గాంధీనగర్‌లో చిన్న ఇల్లు కొనుక్కుని అమ్మతో, తమ్ముడితో ఉంటున్నారు. నా అత్తవారిల్లు కూడా ఆ దగ్గర్లోనే.

తమ్ముడు డిప్లొమా చదివి ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ముప్పై దాటాక ఒకరోజు పనికి వెళ్ళనన్నాడు. గోడ అవతల అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్నాడు. డాక్టరు స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలు రాశాడు. చర్చి పెద్దలు ప్రార్థన చేయమన్నారు. అమ్మానాన్నలు రెండూ చేశారు. మాత్రలు వేసుకుంటే నెమ్మదిగా ఉండేవాడు, బజారుకెళ్ళి కూరగాయలు కూడా తెచ్చేవాడు. మానేస్తే కొద్దిరోజులకే నిద్ర పట్టేది కాదు, కిటికీలకు పేపర్లు అంటించేవాడు.

ఒకసారి మాత్రలు అసలే వద్దన్నాడు. అమ్మ వాటిని పొడి చేసి వాడి పప్పన్నంలో కలపడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాన్నకు తెలుసు, నాకూ తెలుసు. డాక్టరుకు చెప్పలేదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక నేనూ అక్కడికే భోజనానికి వెళ్ళాను. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఏంది కలిపినావు ఇందులో?"

"ఏం కలుపుతా నాయినా, పప్పే కదా" అంది అమ్మ.

"చేదుగా ఉండాది. మీరు నన్ను సంపాలని చూస్తాండారు."

నాన్న వాడి పళ్ళెం తన ముందుకు లాక్కున్నారు. "ఇట్ల తే అప్పా. నేను తింటా, సూడు."

"మీరు తినొద్దు" అంది అమ్మ, గొంతు తగ్గించి. నాన్న ఆమె వైపు చూడలేదు. మెతుకు మిగలకుండా తిన్నారు.

"యాడ చేదు? బాగుండాది."

తమ్ముడు కాసేపు ఆ ఖాళీ పళ్ళేన్నే చూసి, గిన్నెలో మిగిలిన అన్నం తనే పెట్టుకుని తిన్నాడు.

నాన్నకు అప్పటికే బీపీ ఉంది. భోజనమయ్యాక కునుకు తీసి లేవబోతూ పడిపోయారు. పలకరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. పరుగెత్తి ఆటో తెచ్చింది తమ్ముడే.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, ఏ మందులు వేసుకున్నారని అడిగాడు. అమ్మ బీపీ మాత్ర పేరు చెప్పి ఆగిపోయింది. తమ్ముడు మంచం పక్కనే ఉన్నాడు. డాక్టరు మళ్ళీ అడిగాడు.

"కొడుకు మాత్రలు" అంది అమ్మ. "అన్నంలో కలిపింటి."

తమ్ముడు అరుస్తాడనుకున్నాను. వాడు డాక్టరు వైపు తిరిగాడు.

"మా నాయనకు ఏమన్నా అయితాదా సార్?"

బీపీ పడిపోయిందని, సెలైన్ పెట్టి చూస్తామని డాక్టరు చెప్పాడు. మర్నాటికి నాన్న తేరుకున్నారు.

ఆ తర్వాత తమ్ముడు అమ్మ వండింది ముట్టలేదు. చిన్న కుక్కరు కొనుక్కుని తన అన్నం తనే వండుకున్నాడు. వాడి కేకలన్నీ ఓర్చుకున్న అమ్మ దీన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది. మా ఇంటికొచ్చి ఏడ్చి వెళ్ళేది. కొన్నాళ్ళకు వాడే నాన్నతో అన్నాడు.

"నాకు చెప్పకుండా ఏదీ పెట్టొద్దు. మాత్ర చేతికియ్యండి. ఏసుకునేదీ లేనిదీ నేను చెప్తా."

"సరేప్పా" అన్నారు నాన్న.

ఇప్పుడు చాలావరకు వేసుకుంటాడు. వద్దన్న రోజు నాన్న బలవంతం చేయరు. పోయిన వానాకాలం అలా రోజూ వద్దంటూ పోతే, చివరికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఎవరూ పట్టుకెళ్ళలేదు, తనే నడిచి వెళ్ళాడు.

మొన్న అమ్మ నన్నడిగింది. "మేము పోయినాక వాడెట్ల?"

"నేనుండాను కదమ్మా."

"నువ్వుంటావు. నీ ఇంట్లో ఉండేకి వాడు ఒప్పుకోవద్దా?"

ఈమధ్య అమ్మ వాడికి పులుసు పెట్టడం నేర్పుతోంది. తను వండేటప్పుడు వంటింట్లోకి రానివ్వడు కాబట్టి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చింతపండు ఎంత, కారం ఎంత అని అక్కడినుంచే చెబుతుంది.