ఓబులేసు ఎడమ చెవి

సహోదరీ సహోదరులారా, సాక్ష్యం చెప్పమని పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నవాణ్ణి నేను, ఈ రోజు ఈ హిందూపురం సంఘంలో మీ ముందు మైకు పట్టుకుని నిలబడ్డానంటే అది నా ధైర్యం కాదు, ప్రభువు కనికరం, ఆయనకే మహిమ! నా పేరు జకరయ్య, మాది పెనుకొండ. నన్ను ఎరిగినవాళ్లకు నేను ఒకప్పుడు తాగుబోతునని తెలుసు, సర్కారు ఉద్యోగం పోగొట్టుకున్నానని తెలుసు. తాగుడు వల్లనే ఉద్యోగం పోయిందని మీరందరూ అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను. అది కాదు. ఒక నిజం చెప్పినందుకు పోయింది. ఆ నిజం ఎంత చెడ్డదో ఈ రోజు దాచకుండా చెబుతాను, విన్న తర్వాత నాతో మాట్లాడాలో వద్దో మీ ఇష్టం.

తొంభైలలో నేను ఒక బాలుర గృహంలో కాపలా పని చేశాను. ఆ ఊరు పేరు చెప్పను, చెప్పవలసిన పేరు నాది ఒక్కటే. దొంగతనాల్లో, కొట్లాటల్లో పట్టుబడిన పిల్లలను, మీసం కూడా మొలవని పిల్లలను, కోర్టువాళ్లు అక్కడ పెట్టించేవారు. జైలు అనకూడదు, గృహం అనాలి అని పై అధికారులు చెప్పేవారు గానీ, కిటికీలకు చువ్వలుండేవి, తలుపులకు బయటి నుండి తాళాలుండేవి, ఆ తాళంచెవులన్నీ ఒక ఇనుప వలయంలో నా చేతిలో ఉండేవి. మా వైపు బీగాల గుత్తి అంటాం. దాన్ని తొడకు కొట్టుకుంటూ నడవడం నాకు అలవాటు. ఆ చప్పుడు వరండా చివర వినపడగానే లోపల నలభై మంది పిల్లలు నోళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేవారు. అబ్బా, నాకెంత గర్వంగా ఉండేదో! ఇంట్లో నా మాట నా భార్యే వినదు, ఇక్కడ మాట అనకుండానే వింటున్నారు కదా అని పొంగిపోయేవాణ్ణి. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని, సంఘంలో కంజీర వాయిస్తూ అందరికంటే గట్టిగా పాడేవాణ్ణి.

అది మన రాష్ట్రంలో మందు ఆపేసిన కాలం. ఆపితే ఏమైంది, బస్సెక్కితే బార్డరు, బార్డరు దాటితే కర్ణాటక, అక్కడ సారాయి ప్యాకెట్లు! నాలాంటివాళ్లం ఒక బస్సు నిండా ఉండేవాళ్లం. తాగి డ్యూటీకి వచ్చేవాణ్ణి, చెయ్యి ఊరుకునేది కాదు. తప్పు చేసిన పిల్లలే కదా, కొడితే పాపం ఏముందిలే అనుకునేవాణ్ణి.

ఆ పిల్లల్లో ఓబులేసు అని ధర్మవరం పిల్లవాడు ఉండేవాడు. పట్టుచీరలు నేసేవాళ్ల ఇంట పుట్టాడు, తల్లీతండ్రీ లేరు, అవ్వ దగ్గర పెరిగాడు, షావుకారు ఇంట్లో జరీ దారం కండెలు ఎత్తుకున్నాడని తెచ్చి పెట్టారు. పదమూడేళ్లుంటాయేమో. వాడికి దేవుడు ఒక వరం ఇచ్చాడు, ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, వాళ్లలాగే నడిచేవాడు, వాళ్ల గొంతుతోనే మాట్లాడేవాడు.

ఒక సాయంత్రం లెక్కపెట్టి తాళం వేయడానికి వెళ్తుంటే గది లోపలి నుండి నా గొంతు నాకే వినిపించింది! "రేయ్, గోడకు కూచోండ్రా!" అంటోంది, పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చేశానో తెలుసా సహోదరులారా, చప్పుడు కాకుండా ఆ గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. అంతవరకు నా చప్పుడు విని జాగ్రత్తపడే పిల్లలు, ఆ రోజు నేను రావడం ఎరుగరు. ఓబులేసు వీపు నా వైపు ఉంది, వాడు నాలాగా నడుస్తూనే ఉన్నాడు. వెనక నుండి ఎడమ చెవి మీద కొట్టాను, గుత్తితోనే కొట్టాను. వాడు ఏడవలేదు. చెవి పట్టుకుని కూర్చుండిపోయాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం వచ్చింది.

స్నానాల గదిలో జారిపడ్డాడు అని రిజిస్టర్లో రాశాను. ఆసుపత్రిలోనూ అదే చెప్పాను, పిల్లవాడు నా పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు. చెవి వినికిడి పోయింది, ఇక రాదు అన్నారు. ఆ వారమంతా నేను కన్నీళ్లతో ప్రార్థన చేశాను. ఏమని? "ప్రభువా, ఈ సంగతి బయటికి రానివ్వకు, నా ఉద్యోగం కాపాడు" అని! పిల్లవాడి కోసం ఒక్క మాట అడగలేదు. మన నోటి నుండి ఎలాంటి ప్రార్థనలు వస్తాయో, వాటిని కూడా ఆయన ఎంత ఓర్పుతో వింటాడో చూడండి!

కొన్ని నెలలు గడిచాక సరోజమ్మ టీచరు అని ఒకామె శనివారాలు రావడం మొదలుపెట్టింది, పిల్లలతో నాటకాలు ఆడిస్తానంది. పుస్తకం లేదు, బట్టీ పట్టే మాటలు లేవు, రంగులు లేవు, తెర లేదు. ఇద్దరిని నిలబెట్టి, ఇది బస్టాండు, నువ్వు కండక్టరు, నువ్వు టికెట్టు లేనివాడివి, కానీండి అనేది. అప్పటికప్పుడు ఏది తోస్తే అది మాట్లాడాలి. ఒక్కటే నియమం పెట్టింది. "ఎదుటోడు ఏమిచ్చినా తీసుకోవల్లప్పా. వాడు రాయి చేతిలో పెట్టి లడ్డు అంటే అది లడ్డే. వద్దు అంటే ఆట ఆడికే ఆగిపోతాది" అనేది. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఇదేం పిచ్చి ఆట అని నవ్వుకునేవాణ్ణి. కానీ ఆ రెండు గంటలు ఆ పిల్లల ముఖాలు మామూలు పిల్లల ముఖాల్లాగా ఉండేవి, అది చూడలేక నేను కుర్చీ వరండా వైపు తిప్పుకునేవాణ్ణి.

ఒక శనివారం టీచరు, మీకు తెలిసిన ఒక రోజును ఆడండి అంది. ఓబులేసు లేచి, వంటగది నుండి స్టీలు గరిటెలు తెచ్చి, ఒక తాడుకు గుచ్చి, తొడకు కొట్టుకుంటూ నడిచాడు. ఆ చప్పుడుకు పిల్లలందరూ, ఆట అని తెలిసి కూడా, గోడకు జరిగారు! కొట్టించుకునే పిల్లవాడిగా నిలబడడానికి ఎవ్వడూ ముందుకు రాలేదు. అప్పుడు టీచరు నా వైపు తిరిగి, "జకరయ్యా, నువ్వు రాప్పా, ఐదు నిమిషాలే" అంది. ఆమెకు ఏమీ తెలియదు. నేను సగం తాగి ఉన్నాను, రాను అంటే అనుమానం వస్తుందని వెళ్లి నేల మీద కూర్చున్నాను, వాడి వైపు వీపు పెట్టి.

గరిటెల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది. పిడికిట్లో బిగించి పట్టుకున్నాడని నాకు తెలిసిపోయింది. కళ్లు మూసుకున్నాను, కొట్టు, కొట్టు అనుకున్నాను లోపల. వాడు కొట్టలేదు. నా ముందుకు వచ్చి గొంతుక్కూర్చుని, నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, నా గొంతుతోనే, "యాడ తగిలిందిరా?" అన్నాడు.

అయ్యో సహోదరులారా, నేను అడగవలసిన మాట అది! ఎన్ని నెలలైనా నా నోటికి రాని మాట, నా గొంతుతో వాడు అడిగాడు! తర్వాత టీచరు వైపు తిరిగి ఆమెను డాక్టరమ్మను చేసి, "జారి పడలేదు మేడం. నేనే కొట్టినా. బీగాల గుత్తితో కొట్టినా. రాసుకోండి" అన్నాడు. టీచరు ముఖం తెల్లబోయింది, ఆట ఎక్కడ ఆగి నిజం ఎక్కడ మొదలైందో ఆమెకు అర్థమైంది. అప్పుడు ఓబులేసు గరిటెలు కింద పెట్టి, నాకు చెయ్యి చాపాడు. "లెయ్ రా, పోదాం పా. అన్నం తిందువు" అన్నాడు.

ఆ చెయ్యి పట్టుకోవాలి, అదే నియమం. నేను పట్టుకోలేదు. నా వల్ల కాలేదు. లేచి, పిల్లల మధ్యలో నుండి బయటికి పరుగెత్తాను. వెనక నుండి ఒక పిల్లవాడు, "ఆట ఆగిపాయె" అనడం వినపడింది.

స్టోర్ గదిలో బియ్యం మూటల మధ్య పడి ఏడ్చాను. "ప్రభువా, జారిపడ్డాడని రాసినప్పుడు నువ్వు చూస్తూనే ఉన్నావు. నా చేతిని చూడు, ఈ చేతితోనే నీకు కంజీర వాయించాను. నన్ను కాపాడొద్దు, నా చేత నిజం చెప్పించు" అని మొరపెట్టాను. లేచి వెళ్లి, రిజిస్టరు తీసి, నా అబద్ధం కింద నా చేతితోనే నిజం రాసి సంతకం పెట్టాను. పై అధికారి తల పట్టుకుని, "పాత సంగతి ఎందుకు తవ్వుతావప్పా, ఎవరడిగినారు నిన్ను?" అన్నాడు. దేవుడు అడిగాడు సార్ అన్నాను. విచారణ జరిగింది, ఉద్యోగం పోయింది.

ఆ రోజుతో తాగుడు మాయమైందని చెప్పాలని నాకూ ఆశగానే ఉంది, మిగతావాళ్ల సాక్ష్యాల్లో అలాగే ఉంటుంది కదా! నాకు అలా జరగలేదు. నిజం చెప్పాను, ఉద్యోగం పోయింది, ఇంకా ఎక్కువ తాగాను. నా భార్య మార్తమ్మ పరిగి వైపు చేలల్లో కూలికి పోయి నాకు అన్నం పెట్టింది, పెట్టిన ప్రతిసారీ "ప్రభువా, ఈయన్ని ఇంకొక్క రోజు ఓర్చుకో" అని నాకు వినపడేలాగే ప్రార్థించింది. ఏళ్లు గడిచాయి. మానేవాణ్ణి, మళ్లీ పడేవాణ్ణి. నిజం చెప్పేశాను కదా, ఇంకా ఈ బరువు ఎందుకు దిగదు అని దేవుడితో గొడవపడేవాణ్ణి.

చివరికి మార్తమ్మే అంది, "రిజిస్టరుకు చెప్పినావు, ఆఫీసరుకు చెప్పినావు. ఆ పిల్లోనికి చెప్పినావా?" అని.

వెతుక్కుంటూ ధర్మవరం వెళ్లాను. ఓబులేసు పెద్దవాడయ్యాడు, పెళ్లయింది, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీర నేస్తున్నాడు. గుమ్మంలో నిలబడి ఓబులేసూ అని పిలిచాను, మళ్లీ పిలిచాను. తిరగలేదు. రాట్నం దగ్గరున్న అతని భార్య, నేనెవరో తెలియక, "ఆ పక్క చెవి వినపడదు సార్, చిన్నప్పుడు దెబ్బ తగిలిందంట. ఈ పక్కకు రాండి" అంది. ఆ నాలుగడుగులు నేను ఎలా నడిచానో దేవునికే తెలుసు.

నన్ను చూసి మగ్గం ఆపాడు. "ఆ పొద్దు కూడా చప్పుడు లేకుండానే వస్తిరి సార్" అన్నాడు. నేను నేల మీద కూలబడి, నన్ను క్షమించు నాయనా, ఆ మాట అడగడానికే వచ్చాను, ఇన్నేళ్లు ఆ మాట అడగడానికి నాకు ముఖం లేకపోయింది అని ఏడ్చాను. అతను తెగిన ఒక పోగును కలిపి ముడి వేశాడు. తర్వాత, "ఆ పొద్దే చెయ్యి ఇస్తి కద సార్" అన్నాడు. "మీరే పట్టుకోకుండా పోతిరి."

మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి పట్టుకున్నాను. వాళ్ల ఇంట్లో అన్నం తిన్నాను. ఆ రోజు నుండి నేటి వరకు, ఎనిమిదేళ్లుగా, ఒక్క చుక్క నా నోట పడలేదు. స్తోత్రం, స్తోత్రం! కానీ అతని చెవి బాగుపడలేదు సహోదరులారా, ఎంత ఉపవాసం ఉండి ప్రార్థించినా బాగుపడలేదు. నా విడుదల గురించి చప్పట్లు కొట్టేముందు అది కూడా గుర్తుపెట్టుకోండి, నేను ప్రతిరోజూ గుర్తుపెట్టుకుంటాను.

ఇక్కడ నాలాంటివాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. జారిపడ్డాడని రాసి పెట్టుకున్నవాళ్లు, గట్టిగా పాడుతున్నవాళ్లు. ప్రభువు మీకు ఎప్పుడో చెయ్యి చాపాడు, మీరు లేచి పరుగెత్తుతూనే ఉన్నారు. నాలాగా ఇన్నేళ్లు పోగొట్టుకోవద్దు, ఈ రోజే పట్టుకోండి. ఆయన ముందు ఒప్పుకుని ఊరుకోవద్దు, మీరు కొట్టిన మనిషి దగ్గరికి కూడా నడిచి వెళ్లండి.

మైకు స్టాండు మధ్యలో ఉంటే నేను ఈ మూలకు వచ్చి ఎందుకు నిలబడ్డానా అని మీరు చూస్తున్నారు. మొదటి బెంచీలో నీలం చొక్కా వేసుకుని కూర్చున్నది ఓబులేసే. మన సంఘస్థుడు కాడు, నేను పిలిస్తే ధర్మవరం నుండి బస్సులో వచ్చాడు. అతని కుడి చెవి ఈ వైపు ఉంది.

ఓబులేసూ, వినపడిందా నాయనా?

చెయ్యి ఎత్తాడు, చూడండి. దేవునికే మహిమ.