మాణెమ్మ మార్చిన మెట్లు

శ్రీరస్తు. నాదమునకు తొలి నెలవైన శారదాంబకు నమస్కరించి, నా వృత్తిలో మరువరాని ఒక మరమ్మతును గూర్చి వ్రాయుచున్నాను.

క్రోధి నామ సంవత్సరము, కార్తిక శుద్ధ ఏకాదశి. బీదరులో చౌబారా బురుజునకు దిగువనున్న గల్లీలో నేను దుకాణము తెరచి దీపము పెట్టుచుండగా ఒక యువతి స్కూటరు దిగినది. వెనుక సీటుమీద దుప్పటిలో చుట్టి త్రాటితో బిగించిన హార్మోనియం ఉన్నది. హార్మోనియంలను బాగుచేసి శ్రుతి కూర్చుట నలుబది యేండ్లుగా నా జీవిక.

"పంతులయ్యా, నేను జనవాడ మాణెమ్మ బిడ్డను, రుక్మిణిని. నౌబాద్‌ల పని చేస్త. బహుళ పంచమికి అమ్మ ఏడాది మాసికం. ఆ దినం తెల్లారంగ ఆడోళ్ళందరు కూడి అమ్మ పాటలు పాడుతమంటున్నరు. పెట్టె చూస్తే గాలి పోతాంది. కొన్ని మెట్లు పలుకుతనే లేవు."

మాణెమ్మను నేను బాగుగా ఎరుగుదును. భర్త పోయిన పిమ్మట కందిచేను చేసి, కొడుకును, కూతురును పెంచిన తల్లి ఆమె. ఆ పెట్టెను భర్త ఏదో నాటక మేళము విడిపోయినప్పుడు తెచ్చినాడట. ఆయన ఉన్నన్నాళ్ళు ముట్టని ఆమె, ఆయన పోయిన తరువాత ముట్టినది. ఊరిలో ఏ ఇంట చావు జరిగినను, కులమడుగక, పెట్టెను నెత్తిన పెట్టుకొని పోయి పదిదినములు పాడివచ్చెడిది. గురువారము గురువారము జొన్నరొట్టెలు మూటగట్టి బీదరు పెద్దాసుపత్రికి తెచ్చి, రోగుల వద్ద కాపున్నవారికి పంచెడిది. తిరుగుబస్సు ఆలస్యమైననాడు నా దుకాణపు మెట్టుమీద కూర్చుండి, "ఒక్కటి మిగిలింది పంతులయ్యా. ఆసుపత్రిల పడకుండనే మీకు దక్కుతాంది" అని రొట్టె చేతిలో పెట్టెడిది.

"ఇప్పుడు వాయించునది ఎవరమ్మా?" అని అడిగినాను.

"తుల్జమ్మత్త. అమ్మ నేర్పింది ఆమెకొక్కతెకే. ఆమెతోని కాకపోతే బీదర్ల మగోళ్ళ భజన మండలిని పిలుస్తనన్నడు మా అన్న. ఒక్కపారి వాళ్ళొచ్చి కూసున్నరంటే ఇగ ఆడోళ్ళ భజన ఆగిపోయినట్టే. అమ్మ పోయింది, పాట గూడ పోతదేమోనని నా పరేషాన్."

ఆమె వెళ్ళినపిమ్మట పెట్టె విప్పినాను. బెల్లోస్, అనగా గాలి తిత్తి, మడతల వద్ద చిరిగి యున్నది. దానికి తోలు అతికించినాను. హార్మోనియంలో స్వరము పుట్టునది రీడ్‌లో. అది గాలికి కంపించు పలుచని ఇత్తడి నాలుక. ప్రతి మెట్టునకు ఒక్కొక్క రీడ్ చొప్పున లోపలి పలకకు స్క్రూలతో బిగించి యుందురు. ఆ పలకను చూచి ఆశ్చర్యపడితిని. రెండవ తెల్లమెట్టు క్రింద ఉండవలసిన రీడ్ దాని ఎడమనున్న నల్లమెట్టు క్రిందను, నల్లమెట్టుది తెల్లమెట్టు క్రిందను ఉన్నవి. ఆరవ తెల్లమెట్టు వద్దను అదే తారుమారు. మూడు స్థాయిలలోను అంతే. ఒక రీడ్‌కు రెండు స్క్రూలకు మారుగా ఒక్కటే ఉన్నది.

పని తెలియనివాడెవడో చేసిన అపచారమని తలచినాను. మాణెమ్మయందలి గౌరవముచేత మూడు దినములు వేరొక పని ముట్టక, ప్రతి రీడ్‌ను స్వస్థానమున బిగించి, శ్రుతి కూర్చి, కొత్త స్క్రూ వేసి, పెట్టెకు మెరుగు పెట్టినాను.

పౌర్ణమినాడు రుక్మిణితో తుల్జమ్మ వచ్చినది. మాణెమ్మ ఈడుది, కూలికి పోవు మనిషి. చాపమీద కూర్చుండి, కన్నులకద్దుకొని, వాయింప నారంభించినది. రెండవ స్వరమువద్దనే ఆగినది. మరల మొదలిడి మరల ఆగినది.

"ఇది మాణెమ్మ పెట్టె కాదు," అన్నది.

"అదే పెట్టె అత్తా. నేను చిన్నప్పుడు మొలతోని గీకిన గీత సుత ఉంది సూడు."

"పెట్టె అదే గావచ్చు. నోరు అది కాదు." తుల్జమ్మ తిత్తి మూసినది. "బిడ్డా, మీ అన్నను మండలోళ్ళకు ఫోన్ చెయ్యమను. నాతోని గాదు."

నేను కలుగజేసుకొని, "అమ్మా, మీ మేలుకొలుపు రాగములో రెండవ స్వరమైన రిషభము, ఆరవదైన ధైవతము నల్లమెట్లమీదనే పలుకును. అచ్చట నొక్కవలెను," అని చూపినాను.

ఆమె కుడిచేయి నా ముందు చాచినది. వేళ్ళు పగిలి మొద్దువారి యున్నవి. నడిమివేలు కొడవలికి తెగి, వంగుట మానినది.

"కలుపు తీసే చెయ్యి పంతులయ్యా. ఆ సన్నపు నల్లవాటిమీద పెడితే పక్కది గూడ కలిసి మొత్తుకుంటది. అందుకే గద మాణెమ్మ వాటి నాలుకలను తెల్లవాటి కిందికి మార్చింది. అన్ని పాటలకు మాది ఒక్కటే బాణీ, తెల్లవాటిమీదనే నడిచిపోతది. కుట్టుమిషను స్క్రూడ్రైవరు పట్టుకోని ఒక్క పగటిపూటల చేసింది. ఒక స్క్రూ పోయింది. నా కోడి మింగిందని మూడు దినాలు దానెంబడి తిరిగినం."

రుక్మిణి నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

"ముందుగాల మిమ్ములనే అడిగిందట. శాస్త్రం ఒప్పదంటిరట. 'పంతులయ్య శాస్త్రం పంతులయ్యకు ఉండనియ్యి, మన చేతులకు మనమే రాసుకుందాం' అన్నది."

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఏనాడో ఒక గురువారము, ఆమె నా దుకాణపు మెట్టుమీదనే కూర్చుండి అడిగినది. స్వరస్థానములు తారుమారు చేయుట పాపమని నేను శ్లోకము చదివి మరీ చెప్పినాను. ఆమె వాదింపలేదు. ఆనాడును రొట్టె ఇచ్చియే పోయినది.

"కూర్చుండు తుల్జమ్మా," అని వారి యెదుటనే పెట్టె మరల విప్పినాను. నా చేతితో సవరించినవానిని నా చేతితోనే, మాణెమ్మ పెట్టినచోట పెట్టినాను. ప్రొద్దు వాలువరకు పట్టినది. తుల్జమ్మ మేళవించి మేలుకొలుపు ఎత్తుకొన్నది. మొద్దువ్రేళ్ళు తెల్లమెట్లమీద తడబడక నడచినవి. రుక్మిణి గొంతు కలిపి, దగ్గరకు జరిగి ఆ వ్రేళ్ళనే చూచుచు కూర్చున్నది.

పెట్టె మూయుటకు ముందు మూతలోపల తెలుగునను కన్నడమునను వ్రాసిన కాగితమొకటి అతికించినాను: "ఈ అమరిక తప్పు కాదు. జనవాడ మాణెమ్మ చేసినది. మరమ్మతు చేయువారు సవరింపరాదు."

నాటినుండి నా పనిలో ఒక మార్పు. ఏ పెట్టె వచ్చినను, వాయించు మనిషిని పిలిపించి, ఒక పాట విని, ఆ వ్రేళ్ళు చూచినపిమ్మటనే స్క్రూ ముట్టుదును. శాస్త్రము వలదని కాదు. ఆ పెట్టె ఎవరి కొరకు పలుకవలెనో తెలియక మునుపు, ఏది తప్పో చెప్పు యోగ్యత నాకు లేదని మాణెమ్మ పోయిన పిమ్మట మాణెమ్మ వద్దనే నేర్చుకొన్నాను.

విశ్వావసు నామ సంవత్సర కార్తిక బహుళ పంచమినాడు జనవాడలో మాణెమ్మ రెండవ ఏటి తద్దినము జరిగినది. తెల్లవారుజామున, ముందటి ఏటివలెనే, ఆడవారే పాడినారు. తుల్జమ్మ ప్రక్కన కూర్చుండి తాళము వేసినది. రుక్మిణి వాయించినది.